నీటి ఇంజినీరు కలువమేడ

హంగరీ దేశపు దక్షిణపు అంచున, టిసా నదీతీరమున వెలసిన సెగెద్ నగరములో, లోపలి వలయవీథి మలుపు తిరుగుచోట ఒక తెల్లని మేడ కలదు. ఆ మేడ ముఖభాగమున సూటిగా సాగిన గీతను వెదకబోయినవాని కన్ను కొంతసేపటికి అలసి ఆ ప్రయత్నమును మానుకొనును. బాల్కనీలు గోడలోనుండి తరంగములవలె ఉబ్బి మరల గోడలోనికే జారిపోవును. పైకప్పు అంచు సైతము సమముగా నుండక ఎగసి తగ్గుచుండును. ఆ ధావళ్యముమీద ఆకుపచ్చని కాడలు క్రిందినుండి పైకి ప్రాకి, కిటికీల చుట్టు తిరిగి, నీలమును ఊదాయు కలిసిన వన్నె గల పూవులై విచ్చుకొనును. 1907లో పూర్తియైన ఈ సౌధమునకు రెయోక్ పాలొత యని పేరు. కట్టించినవాడు రెయోక్ ఇవాన్ అను జలనిర్మాణ ఇంజినీరు. రూపకల్పన చేసినవాడు అప్పటికి ముప్పదియేండ్లు నిండిన మాగ్యార్ ఎదె. హంగరీవారును మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పుకొందురు కనుక, వారి పేర్లను వారి వరుసలోనే వ్రాయుచున్నాను.

పాలొత యనగా రాజులో, ప్రభువులో నివసించిన కోట యనుకొనరాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర హంగరీ నగరములలో ధనికుడైన గృహస్థు మంచి కూడలిలో స్థలము కొని, అడుగు అంతస్తున దుకాణములకును, పైన తన కుటుంబమునకును చోటు ఏర్పరచుకొని, మిగిలిన వాటాలను అద్దెకిచ్చి, పెట్టిన మదుపును ఏండ్లమీద రాబట్టుకొనుచుండెను. అట్టి వాటాల ఇండ్లకే ఆ గౌరవనామము దక్కినది. కావున ముఖభాగపు సొగసు యజమాని అభిరుచికి మాత్రమే కాక, అద్దెకు రాదలచినవారికి చూపు ఆకర్షణకు కూడ సంబంధించిన విషయము. ఒక ఇంటి వాటా మరియొక ఇంటి వాటాకంటె నాలుగు డబ్బులెక్కువ పలుకవలెనన్న, ఆ ఇల్లు పదిమంది నోళ్ల నానవలెను. ఈ వ్యాపారదృష్టి లేకపోయినచో ఐరోపా నగరములలో నేడు మనము ముచ్చటపడి చూచు గోడలలో సగము సున్నపు పూతతోనే నిలిచిపోయి యుండును.

ఐతే సెగెద్ నగరమున ఇట్టి ఇండ్లు ఇన్ని ఒక్క తరములో లేచుటకు వేరొక కారణము కలదు. 1879 మార్చి 12వ తేదీ తెల్లవారుజామున, వారము దినములుగా పొలములమీద నిలిచిన వరద చివరి అడ్డుగానున్న రైలుకట్టను తెంచుకొని నగరములోనికి దిగెను. మట్టితోను పచ్చి ఇటుకతోను కట్టిన ఇండ్లు నీరు తగిలిన కొన్ని గంటలలోనే కరగి కూలిపోయెను. దాదాపు 5,700 ఇండ్లలో నిలిచినవి మూడువందలకు లోపే. నిరాశ్రయులైనవారు సుమారు అరువదివేల మంది. ఇంతటి విపత్తు కేవలము దైవకృతమని చెప్పుటకు వీలులేదు. 1846 నుండి, సేచెని ఇస్త్వాన్ ప్రభువు ప్రోద్బలముతో, వాషార్‌హెయి పాల్ అను ఇంజినీరు వేసిన పథకమును అనుసరించి, టిసా నది వంకరలను కోసి సూటి కాలువలతో కలుపు మహాకార్యము ఆరంభమైనది. ఆ మహనీయుడు పని ఆరంభమైన ఏడే మరణించెను. పని మాత్రము దశాబ్దముల తరబడి సాగినది. నూటికి పైగా త్రోవలు తెగినవి; నది పొడవు సుమారు 450 కిలోమీటర్లు తగ్గినది. పొలములకు రక్షణ కలిగినది, వాస్తవమే; కాని కట్టల నడుమ ఇరుకున పడిన నది వరదకాలమున మునుపెన్నడు లేనంత ఎత్తున ప్రవహింపసాగెను. మారోష్ నది కూడ వచ్చి టిసాలో కలియు సెగెద్ ఆ ఎత్తుకు గురియైనది.

విపత్తు పిమ్మట పునర్నిర్మాణమునకు రాజప్రతినిధిగా నియమితుడైనవాడు టిసా లాయోష్. ఆనాటి ప్రధానమంత్రి టిసా కాల్మాన్‌కు సోదరుడు. ఊరిని ముంచిన నది పేరే ఆయన ఇంటిపేరగుట విధి చేసిన వేడుక. లెహ్నెర్ లాయోష్ అను ఇంజినీరు నగరమునకు పూర్తిగా క్రొత్త పటము గీసెను. నది ఒడ్డున మొదలై నది ఒడ్డుననే ముగియు రెండు అర్ధవలయ వీథులు, వానిని కోయుచు కేంద్రమునుండి బయలుదేరు రాజమార్గములు, మట్టి పోసి ఎత్తుచేసిన నేల: ఇది ఆ పటము. వెలుపలి వలయములోని భాగములకు సహాయము పంపిన రోమ్, బ్రసెల్స్, పారిస్, లండన్, మాస్కో, బెర్లిన్, వియన్నా నగరముల పేర్లు పెట్టిరి. లోపలి వలయమునకు టిసా లాయోష్ పేరే వచ్చినది. 1883లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ క్రొత్త నగరమును చూడవచ్చునాటికి వీథులు సిద్ధముగా నున్నవి, కాని మూలస్థలములు అన్నియు నిండలేదు. ఆ ఖాళీలను నింపుట తరువాతి ముప్పది యేండ్ల పని. ఆ పనిలోనే రెయోక్ మేడ లోపలి వలయమును, ఫెకెతెషష్ వీథిని కలుపు కోణమున లేచినది.

రెయోక్ వంశము కళాలోకమునకు పరోక్షముగా తెలిసినదే. పంతొమ్మిదవ శతాబ్దపు హంగరీ చిత్రకారులలో జగత్ప్రసిద్ధుడైన మున్కాచి మిహాయ్ తల్లిది ఆ పుట్టిల్లు. బాల్యములోనే తలిదండ్రులను కోల్పోయిన మిహాయ్‌ను చేరదీసినవాడు మేనమామ రెయోక్ ఇస్త్వాన్. చదువు సాగక ఆ పిల్లవానిని వడ్రంగమునకు పెట్టిరి. ఆ వడ్రంగి పిల్లవాడే తరువాత పారిస్ నగరమున క్రీస్తు విచారణఘట్టమును చిత్రించి ఐరోపాను ఆశ్చర్యపరచెను. 1855లో జన్మించిన ఇవాన్ ఆ కుటుంబమువాడే. భూవసతి గలవాడు, నీటి పనులు తెలిసినవాడు. ఇంత సంపన్నుడు, ఇంత పెద్దమనిషి, యాబదియేండ్లు దాటిన వయసులో, అనుభవశాలురైన రాజధాని శిల్పులను కాదని, ఊళ్లో పని చేసుకొను ఒక యువకునకు తన ఇల్లు అప్పగించెను. ఈ కథలో నాకు అన్నిటికంటె నచ్చిన సాహసమిది.

ఆ యువకుడు 1877లో ఒరోష్‌హాజా పట్టణమున ఒసాద్‌స్కి అను ఇంటిపేరుతో పుట్టెను. తరువాత దానిని విడిచి, హంగరీవాడు అను అర్థమిచ్చు మాగ్యార్ అను పేరు పెట్టుకొనెను. అంతకంటె మాగ్యార్ పేరు మరియొకటి ఉండదు. కాని ఆయన కట్టిన ఇంటిలో మాగ్యార్ జాతీయశైలి మచ్చుకైనను కానరాదు. ఆ కాలమున హంగరీ వాస్తుశిల్పులకు గురుస్థానమున నున్న లెహ్నెర్ ఓదోన్, పల్లెటూరి కుట్టుపని పూవులను, ప్రాచ్యదేశముల వంపులను, పేచ్ నగరపు జోల్నాయ్ కర్మాగారములో కాల్చిన రంగురంగుల మట్టిపలకలను కలిపి, ఇది మా జాతిశైలి యని ప్రతిపాదించియుండెను. 1896లో బుడాపెస్టున వెలసిన అలంకృతకళల ప్రదర్శనశాల ఆ ప్రతిపాదనకు జెండా వంటిది. కెచ్‌కెమేత్ పట్టణమున మార్కుష్ గేజా 1902లో కట్టిన సిఫ్ర పాలొత ఆ త్రోవనే నడచినది. సెగెద్‌లోని డాయిచ్ మేడ కూడ అంతే. వీనిలో అలంకారము గోడపై అతికిన రంగుపలకలలో నుండును. పలకలు తీసివేసినచో మామూలు చతురస్రపు ఇల్లే మిగులును.

మాగ్యార్ ఎదె దృష్టి తూర్పునకు గాక పడమటికి తిరిగినది. 1893లో బ్రసెల్స్‌లో విక్టర్ హోర్తా ఒక ఇంటి మెట్లగదిలో ఇనుపకమ్మిని తీగవలె సాగదీసి, గోడపై గీతకు, నేలపై గీతకు, స్తంభము కొసకు ఒకే నడకనిచ్చి, ఒక క్రొత్త వాస్తుభాషను ఆరంభించెను. 1900 నాటికి పారిస్ నగరపు భూగర్భ రైలు ద్వారములపై హెక్టర్ గిమార్ చేతిలో అది వీథినపడెను. కొరడా ఝళిపించినపుడు గాలిలో నిలుచు వంపును పోలినదని ఆ గీతకు కొరడాగీత యనియే పేరు. దాని లక్షణము మన స్త్రీలు వాకిట వేయు మెలికల ముగ్గును చూచినవారికి సులభముగా తెలియును: చేయి ఎక్కడ ఆగునో, ఎక్కడ తిరుగునో ముందుగా చెప్పలేము, కాని ఆగినట్లు తోచినచోట ఆగదు, చుక్కను చుట్టి మరల బయలుదేరును. రెయోక్ మేడలో ఆ గీత ఒక పూలగుత్తితో మొదలై, కాడగా దిగి, బాల్కనీ అంచుగా మారి, దాని క్రింది కిటికీకి పైచాపమై, ప్రక్క గోడపై ఆకుగా విచ్చుకొనును. ఏది నిర్మాణము, ఏది అలంకారము అని వేరుచేయబోయినచో చేతికి చిక్కదు. పూవులను గీకివేసినను ఈ ఇల్లు మామూలు ఇల్లు కాజాలదు. కెచ్‌కెమేత్ మేడకును దీనికిని ఇదియే భేదము.

ఇంత మృదువైన రూపమునకు లోపలనున్నది ఇటుకగోడయే. తాపీపనివానికి సూటియైన గచ్చుఅంచు కష్టము కాదు: గోడకు ఒక బద్దను బిగించి, కోయవలసిన ఆకృతి గల అచ్చుపలకను తడి గచ్చుమీద ఆ బద్ద వెంట లాగినచో ఎన్ని గజముల నిడివియైనను ఒకే తీరున వచ్చును. వంపు వచ్చినచోట, అందులోను ఆ వంపు ప్రతి అడుగునకు మారునపుడు, బద్దకు పనిలేదు. గచ్చు గట్టిపడులోపున చేతి వ్రేళ్లతోను చిన్న కరణితోను రూపము తీయవలసినదే. అట్టి పనిని ఇన్ని కిటికీలకు, ఇన్ని బాల్కనీలకు చేసినపుడు, పటములోని గీతకును గోడమీది గీతకును నడుమ ఎందరి చేతులు దాటెనో ఊహించుకొనవచ్చును. ఆ పూవులను ఎల్లరు కలువలందురు. ఆ కాడల నిడివిని, రేకుల వంపును చూచి వృక్షశాస్త్రజ్ఞుడు కాదనినను నేను వాదింపను. హంగరీ జలములలో పుట్టు కలువలు తెల్లనివి, పచ్చనివి. ఈ నీలిఊదా శిల్పి మనసులోనిది.

వృక్షశాస్త్రజ్ఞుని మాట ఊరక రాలేదు. ఈ మేడకు కొద్దిపాటి నడకలోనే, దీనికి నాలుగేండ్లు ముందు, 1903లో పూర్తియైన యూదుల ప్రార్థనామందిరము కలదు. దానిని బౌమ్‌హోర్న్ లిపోత్ కట్టెను. లోపలి గుమ్మటపు నీలిగాజుపని రోత్ మిక్షాది. అందలి పూవులను, ఆకులను ఎన్నికచేసినవాడు మాత్రము ఆ సమాజపు మతగురువు లోవ్ ఇమ్మానుయెల్. యూదుల గ్రంథములలో పేర్కొనబడిన వృక్షజాతిపై జీవితకాలము పరిశోధన చేసి మహాగ్రంథమును వెలయించిన పండితుడాయన. గాజులోనైనను, చెక్కడములోనైనను, ఏ మొక్క ఎందుకుండవలెనో శాస్త్రాధారముతో చెప్పగలిగినవాడు. ఒకే నగరమున, ఒకే దశాబ్దిలో, గోడలపై మొక్కలు పెరిగిన రెండు విధములివి. ప్రార్థనామందిరములోని మొక్కకు గ్రంథసాక్ష్యము కలదు. రెయోక్ మేడలోని మొక్క నోరు విప్పి తన సాక్షిని చెప్పదు.

ఇంజినీరు వృత్తి నీటిపని కనుక అలంకారము నీటిపూవు అయినదని స్థానికులు, మార్గదర్శకులు చెప్పుదురు. అంతవరకు అది సరియే, కాని అంతతో తృప్తిపడనక్కరలేదని నా తలంపు. కలువ ప్రవాహములో పుట్టదు. వడిగా పారు నదీగర్భమున దాని వేరు నిలువదు, ఆకు తేలదు. నిలిచిన నీరు, మెత్తని ఒండ్రు దానికి కావలెను. టిసా పరీవాహమున అట్టి నీరు ఎక్కడ కలదు? ఇంజినీర్లు నది వంకరను కోసి సూటికాలువ త్రవ్వినపుడు, ప్రవాహము క్రొత్త త్రోవన పోగా, వెలివేయబడిన పాత వంక నెలవంకయాకారపు మడుగై మిగులును. దానిని అచటివారు చనిపోయిన టిసా యందురు. ఆ మడుగులలోనే కలువలు తామరతంపరగా పెరుగును. అనగా ఈ మేడపై పూచిన పూవు, ఆ మేడ యజమాని వృత్తివారు చేసిన పనికి అనుకొనకుండ కలిగిన ఫలము. నది వంకరలను రూపుమాపుట పరమధర్మముగా నెంచిన శాస్త్రమునందు ఆరితేరినవాడు, తన ఇంటికి మాత్రము అన్నియు వంకరలే కోరుకొనుట, ఆ వంకరలపై మడుగుపూవునే నిలుపుకొనుట, కాకతాళీయమైనను కావచ్చును. శిల్పి ఆ పూవును పారిస్ పుస్తకములలో చూచి తెచ్చియుండవచ్చును, అప్పటికి అది ఐరోపా యంతట చెలామణి యగుచున్న పూవే. యజమాని దానిని చూచినపుడు మడుగును తలచుకొనకుండ ఉండగలిగెనని మాత్రము నేను నమ్మజాలను.

లోపలికి పోయినవారికి మొదట ఎదురగునది మెట్లగది. వీథి గోడపై పూవులుగా నున్న గీత ఇచట ఇనుమగును. మెట్ల కటాంజనము సమదూరమున నాటిన ఊచల వరుస కాదు. ఒక కమ్మి లేచి, వంగి, ప్రక్కదానిని తాకి, కొసన చుట్టుకొని, పై మెట్టున ఉన్న కమ్మికి తన నడకను అప్పగించును. సెగెద్ కమ్మరి ఫెకెతె పాల్ పని యది. ఇనుమును ఎఱ్ఱగా కాల్చి, దిమ్మెపై సాగగొట్టి, వేడి తగ్గులోపున వంచవలెను. ఒక వంపు తప్పినచో ప్రక్క కమ్మితో కలియదు, మరల కొలిమికి పోవలసినదే. ఇట్టి పనివాని పేరు శిల్పి పేరుతోపాటు నిలిచియుండుట అరుదు. మన దేవాలయములలో ఎన్ని వేల స్తంభములను చెక్కినవారి పేర్లు మనకు తెలియునో ఎంచి చూచినచో, సెగెద్‌వారు ఈ విషయమున అదృష్టవంతులు.

ఆ దినములలోనే వియన్నా నగరమున అడాల్ఫ్ లోస్ అను వాస్తుశిల్పి, అలంకారము నేరమనియు, పనివాని శ్రమను వృథాచేయు అనాగరికతయనియు ఉపన్యాసములిచ్చుచుండెను. ఆయన వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. అచ్చులలో పోసి వేలకొలది తయారుచేసిన గచ్చుపూవులను, దేవకన్యల ముఖములను నాటి అద్దెమేడలపై అతికిన తీరు చూచిన వానికి లోస్ కోపము అర్థమగును. కాని ఆయన శిక్ష రెయోక్ మేడకు వర్తింపదని నా నిర్ణయము. ఈ ఇంటి అలంకారము బజారులో కొని తెచ్చినది కాదు, మరియొక ఇంటికి తీసికొనిపోవ వీలైనది కాదు. ఈ కోణమునకు, ఈ కిటికీల కొలతకు మాత్రమే సరిపోవును. స్పెయిన్‌లో గౌదీ బార్సిలోనా ఇండ్లు సరిగా అదే కాలమున లేచుచుండుటచే, మాగ్యార్ ఎదెను హంగరీ గౌదీ యని పిలుచుట వాడుకయైనది. పొగడ్తగా చెప్పినను ఆ పోలిక నాకు రుచింపదు. గౌదీ గోడలు కొండలవలె, ఎముకలవలె బరువైనవి; సెగెద్ గోడ బరువును మరుగుపరచును.

శిల్పికి తరువాత అయిదేండ్లే మిగిలినవి. ఆ కొద్ది కాలములోనే నగరకేంద్రమున కారాస్ వీథి మలుపున ఉంగార్-మాయెర్ మేడను, దాని కోణపు శిఖరమున నృత్యము చేయు స్త్రీమూర్తులను నిలిపెను. స్తాల్ యోజెఫ్‌తో కలిసి కపోష్వార్ పట్టణపు నాటకశాలకు రూపకల్పన చేసెను, అది 1911లో తెరచిరి. మరుసటి యేట, 1912 మే నెలలో, ముప్పదియైదవ యేట, ఆయన ఆత్మహత్య చేసికొనెను. రెండేండ్లకే ప్రపంచయుద్ధము వచ్చుటయు, ఆ గీతపై ఐరోపాకుండిన మోజు తీరిపోవుటయు జరిగినవి. రెయోక్ ఇవాన్ 1923 వరకు జీవించెను.

అద్దెలకై కట్టిన ఇండ్లన్నిటికి హంగరీలో 1952లో ఒకే విధి పట్టినది. ప్రభుత్వము వానిని జాతీయము చేసినది. అద్దె తక్కువ, మరమ్మతు అంతకంటె తక్కువ; గోడలపై గచ్చు రాలుట, ఇనుము తుప్పుపట్టుట మామూలై, ఎన్నో మేడలు వన్నె తరిగినవి. రెయోక్ మేడను సమూలముగా బాగుచేసి, 2007లో, అనగా కట్టిన నూరేండ్లకు, చిత్రప్రదర్శనలకు, సంగీతమునకు నెలవైన ప్రాంతీయ కళాకేంద్రముగా తెరచిరి. సర్వకళల ప్రాంతీయ కేంద్రము అను అర్థమిచ్చు హంగరీ మాటలను, వాని మొదటి అక్షరములు చేరి రెయోక్ అగునట్లు ఎంచి పేరు పెట్టిరి. ఇట్టి చమత్కారము ప్రభుత్వ కార్యాలయములలో సాధారణముగా పుట్టదు, పుట్టినపుడు మెచ్చుకొనవలెను. మేడ ఎదుటి చత్వరమునకు మాగ్యార్ ఎదె పేరు పెట్టిరి. మేడ పేరు యజమానికి, చత్వరము శిల్పికి పోగా, ఫెకెతె పాల్ పేర ఫలకము వెదకువారు మెట్లెక్కి ఆ కటాంజనముపై చేయి వేయవలసినదే.